తోడు అంటే తేడా అన్నారు

సుధాకరన్న వచ్చి కూర్చుంటే మా సోఫా ఒకసారి మూలిగింది. బరువు ఎత్తడం వేరు, బరువుగా ఉండడం వేరు అని దానికి కూడా తెలుసు. ఒకప్పుడు మా నాయన రేకుల షెడ్డులో ఇనుము ఎత్తిన మనిషి. ఇప్పుడు తిరుపతిలో బరువులెత్తేవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు, అద్దాల గోడలూ చల్లగాలీ ఉన్న పెద్ద జిమ్ముకు యజమాని. ఎత్తేది మాత్రం మైకు, పూలదండ, అప్పుడప్పుడూ ఎదుటివాడి తప్పు. చంకలో చుట్టి తెచ్చిన ఫ్లెక్సీని మా హాల్లో పరిచినాడు. పైన ఇంద్రధనుస్సు, దాని కింద ఇంద్రధనుస్సు కంటే వెడల్పుగా ఆయన ముఖం. చేతులు జోడించి ఉన్నాడు. ఫ్లెక్సీలో చేతులు జోడించినంత సులభంగా మన దేశంలో మనుషులు ఇంకేదీ చెయ్యరు.

"కాలం మారిపోయిందమ్మా వసంతా. మనమూ మారాల. ఇంక్లూజన్ అంటారు దీన్ని," అన్నాడు.

"అంటే ఏందన్నా?" అని అడిగినాను. నాకు తెలియక కాదు, ఆయనకు తెలుసో లేదో చూద్దామని. ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠం చెప్పినదాన్ని, అప్పజెప్పినవాడెవడో అర్థమైనవాడెవడో నాకు మూడో మాటకే తెలిసిపోతుంది.

"అంటే... అందర్నీ కలుపుకొని పోయేది. గేలు, లెస్బియన్లు, ట్రాన్స్‌జెండర్లు, ఎవురైనా సరే, మన జిమ్ముకొచ్చి బరువులెత్తచ్చు. మేము ఎవుర్నీ తక్కువగా సూడం. వాళ్ళ కోసరమే స్పెషల్ బ్యాచ్ పెట్టినాం."

"ఎన్ని గంటలకి?"

"మధ్యాహ్నం రెండు నించి మూడు. ఆ టైములో ఎవురూ ఉండరు గదా. వాళ్ళకీ ఫ్రీగా ఉంటాది, మిగతావాళ్ళకీ ఇబ్బంది ఉండదు."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టేసినాను. పెట్టకపోతే ఆ ఫ్లెక్సీ మీద ఇంకో రంగు పడేది. ఆయన గమనించలేదు. మా నాయన పేరు చెప్పి నేను వేదిక మీద కూర్చోవాలట. ఇంకో పని కూడా ఉందట. "మన చెంగల్రాయుడు యాడుండాడో నీకొక్కదానికే తెలుసంట గదా. ఆయప్ప చేత రిబ్బను కత్తిరిపిస్తే బలే ఉంటాది. మన పాత మనిషి." మన చెంగల్రాయుడు! ఆ 'మన' ఆయన నోట్లోంచి రావడానికి పట్టినంత కాలంలో మా ఇంటి ముందర మట్టిరోడ్డు నాలుగు వరసల రోడ్డయింది. సరే, అడుగుతాను అన్నాను. చెంగన్న ఏమంటాడో వినాలని నాకే ఉబలాటంగా ఉంది.

మా పాత ఇల్లు తిరుచానూరు పోయే దారిలో ఉండేది. తెల్లవారకముందే అమ్మవారి గుడికి పోయే మల్లెపూల గంపలు మా వాకిలి ముందునుంచే పోయేవి. ఆ వాసన వీధిలో ఉండగానే నాయన షెడ్డు తలుపు తీసేవాడు, తుప్పు వాసన బయటికొచ్చి మల్లెపూల వాసన నెత్తిన కూర్చునేది. మూడోది మా ఎనుము వాసన. షెడ్డుకూ పశువుల కొట్టానికీ నడుమ ఒక తడిక మాత్రమే అడ్డం. నాయన బళ్ళో డ్రిల్లు మాస్టరు. మెడలో విజిలు స్నానానికి పోయినప్పుడు కూడా తీసేవాడు కాదని అమ్మ ఎగతాళి చేసేది. పొద్దున్నే ఆంజనేయుడి పటానికి కర్పూరం ముట్టించి, గుడ్డకు కొబ్బరినూనె అద్ది ఇనుమంతా తుడిచేవాడు. ఆ నూనె సీసా వంటింటికీ షెడ్డుకూ మధ్య తిరుగుతా ఉండేది, ఇంట్లో ఉన్నది అదొక్కటే. అందుకే నా జడ ఎప్పుడూ తుప్పు వాసన కొట్టేది. కాలేజీలో నా వెనక బెంచీ అమ్మాయి "మీ ఇంట్లో బోరింగు రిపేరు చేస్తారా?" అని అడిగింది ఒకసారి.

షెడ్డులో ఇనుమని పెద్దగా ఏమీ లేదు. లారీ ఇరుసొకటి, పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి చేసిన బరువులు కొన్ని. మద్రాసు నుంచి నిజమైన ఇనుపకడ్డీ, చక్రాల్లాంటి బిళ్ళలు వచ్చిన రోజు నాయన వాటికి పసుపుకుంకుమలు పెట్టినాడు. గోడ మీద నీలిమందు కలిపి పెద్దక్షరాలతో రాసినాడు: బరువు ముందర అందరూ ఒకటే. వానాకాలంలో ఆ అక్షరాలు కారిపోయేవి, ఎండాకాలంలో మళ్ళీ దిద్దేవాడు. ఆయన సిద్ధాంతం కూడా అంత గట్టిదే.

సాయంత్రమైతే ఊళ్ళో మీసం మొలిచిన ప్రతివాడూ మా షెడ్డులోనే. ఎత్తిన తరవాత తిండి మా ఇంట్లో. రాగిసంగటి ముద్దలు, చెనక్కాయల ఊరుబిండి, నానబెట్టిన చెనగలు. మా అవ్వ, అంటే నాయన తల్లి, అరుగు మీద కూర్చుని వాళ్ళను చూసేది. భుజాల మీద అంత బరువు పెట్టుకొని కూర్చుని లేస్తా ఉంటే ఆమెకు ఎప్పటికీ అర్థం కాలేదు. "బళ్ళో తప్పు చేసినోళ్ళు గదప్పా గుంజిళ్ళు తీసేది. మీరంతా ఏం తప్పు చేసినారని?" అనేది. ఈనాడు తలుచుకుంటే అవ్వకు ముందే తెలుసేమో అనిపిస్తుంది.

ఆ గుంజిళ్ళనే స్క్వాట్ అంటారు. బరువు మోసేవాడు ఒక్కడే చెయ్యకూడదు, వెనక ఇంకొక మనిషి నిలబడాలి. చేతులు రెండూ ముందువాడి చంకల కిందుగా పోనిచ్చి, వాడి ఎదను ఆనీ ఆననట్టు పట్టుకొని, వాడితో పాటే దిగి, వాడితో పాటే లేవాలి. వాడు సగంలో నిలిచిపోతే ఎదకు హత్తుకొని లేపాలి. ఇప్పటి పిల్లలు దాన్ని స్పాట్ అంటారు. మా షెడ్డులో తోడు అనేవాళ్ళు. ఎవరికైనా అవసరమైతే "తోడు!" అని ఒక కేక. నాయన పెట్టిన కట్టుబాటు ఒకటే: ఆ కేక వినిపిస్తే పిలిచిందెవరని చూడకూడదు, ముందు కాళ్ళు కదలాలి. అవ్వకు మాత్రం తోడంటే పెరుగు తోడే. సాయంత్రం షెడ్డులోంచి "తోడు!" అని వినపడితే వంటింట్లోంచి "ఏసినానప్పా, ఎన్నిసార్లు అడగతారు!" అని జవాబిచ్చేది.

చెంగల్రాయుడు వడమాలపేట వాడు. మొదటి బస్సుకు వచ్చి, ఒక సైకిలు షాపులో పని చేసుకొని, సాయంత్రం షెడ్డుకొచ్చేవాడు. పొట్టి మనిషి, తొడలు మాత్రం రోళ్ళు. సన్నటి గొంతు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. మిగతావాళ్ళు ఏడాది తంటాలు పడిన బరువును ఆయన రెండు నెలల్లో ఎత్తి, కింద పెట్టి, "ఇంగేమన్నా ఉందా మాస్టారూ?" అని అడిగినాడు. సుధాకరన్నకు అది మింగుడు పడలేదు. అప్పటిదాకా షెడ్డులో అందరికంటే ఎక్కువ ఎత్తేది తనే. ఎత్తడంలో దాటలేనివాణ్ణి దించడానికి మనవాళ్ళకు ఒక పద్ధతుంది: వాడి గురించి ఏదో ఒకటి కనిపెట్టడం. కనిపెట్టినారు. పుత్తూరు బస్టాండులో ఖాళీ బస్సు చివరి సీట్లో కండక్టరు దయానందం భుజం మీద తల పెట్టి చెంగల్రాయుడు నిద్రపోతా ఉన్నాడంట. దయానందం తల ఆయన తల మీద ఆనించి ఉందంట. అంతే. అలిసిపోయిన ఇద్దరు మనుషులు నిద్రపోయినారు. ఆ నిద్ర మీద ఊళ్ళో ఎంతమంది మేలుకున్నారో!

మరుసటి వారానికి ఆయనకు పేరు పడింది. తేడా. వాడు తేడా అబ్బా, చూసుకోండి.

ఒక సాయంత్రం నేను వంటింటి కిటికీ దగ్గర కూర్చుని అనపకాయలు ఒలుస్తా ఉన్నాను. ఆ కిటికీ షెడ్డు వైపుకే ఉంది. వంటింటి పొగ షెడ్డులోకి పోవచ్చు గానీ వంటింటి ఆడపిల్ల పోకూడదు. చెంగన్న బరువు భుజాలకెత్తుకొని దిగినాడు, లేస్తా లేస్తా సగంలో నిలిచిపోయినాడు. తొడలు వణకతా ఉన్నాయి. "తోడు!" అని కేకేసినాడు.

మూలలోంచి సుధాకరన్న బదులిచ్చినాడు: "తేడా!"

షెడ్డంతా గొల్లున నవ్వింది. చెంగన్న మళ్ళీ "తోడబ్బా!" అన్నాడు, గొంతు నలిగిపోయింది. "తేడా అబ్బా!" అని ఈసారి ముగ్గురు నలుగురు కలిసి పాట అందుకున్నారు. ఒక్కడి కాలు కదల్లేదు. ఇనుము మెడ మీదికి దొర్లింది. ఆయన మోకాలు లోపలికి మడతపడి, మనిషి ముందుకు పడి, డబ్బాలు దొర్లి తడికకు కొట్టుకుంటే అవతల ఎనుము బెదిరి అరిచింది. నాయన స్టూలు మీదే ఉన్నాడు. చెప్పులతో లోపలికొస్తే విజిలూదేవాడు, గోడకు ఉమ్మితే ఊదేవాడు. ఆ పూట విజిలు మెడలోనే ఉంది, నోటికి పోలేదు.

అందరికంటే ముందు కదిలింది అవ్వ. పాలచెంబు పక్కన పడేసి, ఆడవాళ్ళు అడుగు పెట్టకూడని షెడ్డులోకి కొంగు దోపుకొని పోయింది. "థూ, మీ మీసాలు తగలబడ! పిలిస్తే పలకని నోళ్ళు, సంగటికి మాత్రం ఇంతింత తెరుసుకుంటాయే!"

"అట్లగాదవ్వా," అన్నాడు సుధాకరన్న. "ఆయప్పని ఎనక నించి కరుసుకోవాలంటే ఎట్ల? రేపు నన్ను గూడా అంటారు గదా."

అవ్వ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "నిన్నేమంటార్రా? నీ మొగానికి అంత రాత గూడానా?"

దయానందం బస్సు దిగి పరిగెత్తుకొని వచ్చి చెంగన్నను పుత్తూరుకు తీసకపోయి కట్టు కట్టించినాడు. మోకాలు అతుక్కుంది గానీ పూర్తిగా ఎప్పుడూ మునుపటి మాట వినలేదు. మా నాయన న్యాయం అప్పుడు మొదలైంది. సుధాకరన్నను ఏమీ అనలేదు, వాళ్ళ నాయన షెడ్డుకు రేకులిచ్చిన మనిషి. కట్టు విప్పిన తరవాత చెంగన్నను పిలిచి షెడ్డు తాళం చేతిలో పెట్టినాడు. "మధ్యాహ్నం పూట రారా. ఎవురూ ఉండరు. నీకూ ప్రశాంతంగా ఉంటాది, వాళ్ళకీ ఇబ్బంది ఉండదు," అన్నాడు. సుధాకరన్న మా సోఫాలో కూర్చుని చెప్పిన మాటలే. మా నాయన దగ్గర ఆయన నేర్చుకొని ఇప్పటికీ మరిచిపోకుండా ఉన్నది ఇదొక్కటేనేమో.

ఇందులో నాకొక లాభం జరిగింది. ఇనుము ఎత్తుతానని నేను ఇంట్లో అప్పటికే చాలా కాలంగా పోట్లాడతా ఉన్నాను. మగపిల్లల మధ్య నువ్వేంది అనేది అమ్మ. ఇప్పుడు అమ్మే అంది, "మధ్యాహ్నం చెంగడుంటాడు గదా, పోయి నేర్చుకో. వాడితో అయితే భయం లేదు." చూడండి ఈ తెలివి! ఏ కారణం చెప్పి ఆయన్ని మగాళ్ళ మధ్యనుంచి తోసేసినారో, అదే కారణం చెప్పి ఆడపిల్ల పక్కన నిలబెట్టినారు. సాయంత్రం ప్రమాదమైనవాడు మధ్యాహ్నానికి కాపలా అయినాడు. మా ఇంట్లో వాళ్ళందరూ చదువుకున్నవాళ్ళే, ఒక్కరికీ ఇందులో తప్పేముందో తట్టలేదు. అవ్వకు చదువు లేదు, ఆమె మాత్రం "సచ్చినోళ్ళు, ఎండలో పడేసినారు బిడ్డల్ని," అని అల్లం దంచి వేసిన మజ్జిగ ముంత తడిక మీదుగా అందించేది.

తిరుపతి ఎండలో రేకుల షెడ్డంటే పెనం. ఇనుపకడ్డీ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది, తడి గోనెపట్ట చుట్టి ఎత్తేవాళ్ళం. చెమట నేల మీద పడితే మచ్చ ఆరిపోయేదాకా చూస్తా ఉండొచ్చు, అంత సేపు పట్టేది కాదు. ఎనుము తడికలోంచి మూతి పెట్టి మమ్మల్నే చూసేది. చెంగన్న నాకు పాదాలు ఎట్ల పెట్టాలో, గాలి ఎప్పుడు పీల్చి బిగపట్టాలో నేర్పించినాడు. "బరువుని సూడొద్దు మే. దాన్ని సూస్తే అది గూడా నిన్ను సూస్తాది," అనేవాడు. మొదటిసారి ఆయనకు నేను తోడు నిలబడినప్పుడు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలో ఉంచినాను. "గట్టిగా పట్టుకోమ్మే. నేనేం ఉప్పుబొమ్మనా, కరిగిపోతానా?" అన్నాడు. నా చేతులు ఆయన ఎద చుట్టూ పూర్తిగా అందేవి కావు. చెంప ఆయన భుజానికి ఆనించి ఇద్దరం కలిసి దిగేవాళ్ళం, కలిసి లేచేవాళ్ళం. ఆయన ఊపిరి ఎక్కడ తడబడుతుందో నా ఎముకలకు తెలిసేది. ఆ రోజుల్లో నన్ను అంత నమ్మి ఎవరూ ఏ బరువూ మోయలేదు. నేనూ అంతే.

ఆ వేసవిలోనే గంగమ్మ జాతర వచ్చింది. తిరుపతి వాళ్ళకు చెప్పనక్కరలేదు, మొక్కున్న మగవాళ్ళు చీరలు కట్టి, గాజులేసి, పూలు పెట్టుకొని వీధుల్లో పోతారు. అమ్మవారికి అది ఇష్టమైన మొక్కు, ఎవరూ నవ్వరు, నవ్వకూడదు కూడా. మా షెడ్డు వీరులందరూ ఆ పొద్దున మా ఇంటి ముందు వరసకట్టినారు. సుధాకరన్నకు అమ్మ రవిక చాలక చేతి దగ్గర పర్రుమంది. నా గాజులు రెండు విరిగినాయి, ఓణీ తిరిగే రాలేదు. అవ్వ నోట్లో పిన్నులు పెట్టుకొని ఒక్కొక్కడికే కుచ్చిళ్ళు పెడతా ఉంది. తడిక పక్కన చెంగన్న ప్యాంటూ చొక్కాతో చేతులు కట్టుకొని నిలబడినాడు. సుధాకరన్న పూలు సర్దుకుంటా, "ఏమప్పా, నువ్వు కట్టవా? నీకైతే బలే అమరతాది గదా!" అన్నాడు. చీరలన్నీ ఒకేసారి నవ్వినాయి.

"నాకు మొక్కు లేదన్నా," అన్నాడు చెంగన్న.

తరవాత నేనడిగితే నిమ్మళంగా చెప్పినాడు. "వాళ్ళు కట్టుకుంటే సాయంత్రానికి ఇప్పేస్తారు మే, మళ్ళీ మగోళ్ళయిపోతారు. నేను ఒక్క పువ్వు పెట్టుకుంటే జన్మంతా దాన్ని నా సెవిలోనే ఉంచుతారు." ఆయనకు చీర మీద ఆశ కూడా ఏమీ లేదు. దయానందం పక్కన కూర్చుని బస్సులో పోవాలని ఉండేది, ఇనుమెత్తాలని ఉండేది. రెండే.

జాతరైన కొన్నాళ్ళకు పోటీలకు జట్టును పంపాల్సి వచ్చింది. ఎవరు పోవాలో నాయనే చెప్పాలి. చెంగన్న మోకాలు కుంటితనం మానుకొని పని చేస్తా ఉంది, ఆయనకంటే ఎక్కువ ఎత్తేవాడు షెడ్డులో లేడు. ఆ సంగతి నాయనకు నాకంటే బాగా తెలుసు. సాయంత్రం బ్యాచ్ వచ్చి ఒకటే మాట చెప్పింది: లాడ్జిలో ఒక రూములో నలుగురు పడుకోవాల, ఆయప్ప వస్తే మేము రాం. నాయన మరునాడు మధ్యాహ్నం షెడ్డు గడపలో నిలబడి, లోపలికి రాకుండానే, "ఈసారికి వద్దులే రా చెంగా. మళ్ళీ సూద్దాం," అన్నాడు.

"నాయనా, గోడ మీద ఏం రాసినావు?" అని నేను ఎగబడినాను.

"గోడ మీద రాసింది బరువు గురించి పాపా. లాడ్జి గురించి గాదు," అన్నాడు.

నేను మా నాయనను ప్రేమించినాను, ఇప్పటికీ ఆయన విజిలు నా బీరువాలో ఉంది. కానీ ఆ మాటను ఆయన పాడెతో పాటు పంపలేకపోయినాను. చెడ్డవాడు మనకు తిరగబడే అవకాశమైనా ఇస్తాడు. ఇట్లాంటి మంచివాళ్ళు అదీ ఇవ్వరు, తలనిమురుతా తలుపేస్తారు.

ఆ మధ్యాహ్నం నాయన గడప దగ్గర్నుంచి ఇంట్లోకి వెళ్ళిపోయినాక చెంగన్న షెడ్డులో ఉన్న బిళ్ళలన్నీ కడ్డీకి ఎక్కించినాడు. చాలలేదు. సిమెంటు డబ్బాలు రెండు తాళ్ళతో కట్టినాడు. "తోడు," అన్నాడు, కేక పెట్టలేదు, మామూలుగానే అన్నాడు. నేను వెనక నిలబడినాను. దిగినాడు. అడుగున ఒక్క క్షణం ఆగి, నా చేతులు బిగుసుకోకముందే, ఎవరో పైనుంచి పిలిచినట్టు లేచినాడు. నేనాయన్ని లేపలేదు, అది చెప్పాలి. తరవాతి వారం సుధాకరన్న అంతకంటే బాగా తక్కువ ఎత్తి కప్పు గెలుచుకొచ్చినాడు. ఆ కప్పు ఇప్పటికీ ఆయన జిమ్ము అద్దాల బీరువాలో ఉంది, అడుగున దీపం పెట్టినారు. చెంగన్న ఎత్తినదానికి సాక్షులం నేనూ మా ఎనుమూ. ఎనుము చచ్చిపోయింది. చెంగన్న షెడ్డు తాళం మేకుకు తగిలించి, బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి చేరినాడు.

సుధాకరన్న ఆహ్వానపత్రిక పట్టుకొని నేను పోయింది అక్కడికే. మామిడికాయల లారీలు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి, ఊరంతా తియ్యటి పులుపు వాసన. చెంగన్న, దయానందం ఇద్దరూ రిటైరై ఒకే ఇంట్లో ఉంటున్నారు. వీధిలో వాళ్ళు అన్నదమ్ములంటారు. ఒకాయన శనివారం ఒంటిపొద్దుంటాడు, ఇంకొకాయన ఆదివారం చర్చికి పోతాడు, వీళ్ళను కన్న తల్లెవరో అడగాలని ఎవరికీ తోచలేదు. పత్రిక చదివి వినిపించినాను. చెంగన్న తలకాయంతా తెల్లబడింది, తొడలు మాత్రం రోళ్ళే.

"ఎన్ని గంటలకంట?" అన్నాడు.

"రెండు నుంచి మూడు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెంగన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అయితే మీ షెడ్డు తాళం ఇంగా ఆ మేకుకే ఉండాదన్న మాట!"

"ఈసారి ఏసీ పెట్టినారంట గదా, సంతోషపడు," అన్నాడు దయానందం.

నవ్వు తగ్గినాక నేను ఊరుకోలేదు, అది నా స్వభావం కాదు. "నువ్వా రిబ్బను కత్తిరిస్తే ఏమవుతుందో తెలుసా? రేపు ఎవరైనా సాయంత్రం వస్తామని అడిగితే, చెంగల్రాయుడంతటివాడే మధ్యాహ్నం మంచిదన్నాడు, మీకేమి అంటారు. ఆ తాళం ఈసారి నీ చేత్తోనే వేయిస్తా ఉన్నారు."

ఆయన మామిడిపండు టెంక చీకి పక్కన పెట్టి, మోకాలు నిమురుకున్నాడు. "ఎండాకాలంలో ఇది బాగానే మాటింటాది మే," అన్నాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

కార్యక్రమం రోజు రెండింటికి రాలేదు. రిబ్బను కట్టి ఉంది, పళ్ళెంలో కత్తెరా శాలువా ఉన్నాయి. సుధాకరన్న గడియారం చూసుకుంటా మైకు ముందు నిలబడి ప్రేమ గురించీ గౌరవం గురించీ మాట్లాడినాడు. ఆ మాటల్లో ఒక్కదానికీ వెనక తోడు నిలబడేవాడు లేడు, అందుకే అన్నీ గాల్లో ఉన్నాయి. ఆ బ్యాచ్ ఎవరికోసమో వాళ్ళు నలుగురైదుగురు మూలన నిలబడి ఫొటోల్లోకి జరపబడతా ఉన్నారు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పిల్ల, లాడ్జిలో రిసెప్షన్ పని చేస్తుందట, ఆ పూట సెలవు పెట్టి వచ్చింది, చెయ్యెత్తి అడిగింది. "నాకు రోజూ రెండింటికి డ్యూటీ ఉంటాది సార్. సాయంత్రం ఆరుకి రావచ్చా?"

"ఆరుకి ఫ్యామిలీ బ్యాచమ్మా," అన్నాడు అధ్యక్షుడు చిరునవ్వు చెడకుండా. "మీ ప్రైవసీ కోసమే గదా ఇదంతా."

ఇనుమెత్తడానికి ఫ్యామిలీ ఎందుకో, ప్రైవసీ ఎవరికి కావలసి వచ్చిందో ఆయన చెప్పలేదు. రిబ్బను తనే కత్తిరించుకున్నాడు. శాలువా మిగిలిపోతే ఫొటోగ్రాఫరు నాకు కప్పబోయినాడు, ఉక్కగా ఉందని చెప్పినాను. టీ తాగి పొమ్మని సుధాకరన్న బలవంతం చేసినాడు. చెంగన్న ఇంకా వస్తాడేమోనని సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆ పిల్ల కూడా పోలేదు, గోడ పక్కన బెంచీ మీద కూర్చుంది.

సాయంత్రం బ్యాచ్ నిండినాక, పాటలు మోగతా ఉండగా, అద్దాల తలుపు తోసుకొని చెంగన్న వచ్చినాడు. పక్కన దయానందం. మోకాలికి పట్టీ, నడుముకు పాత తోలు బెల్టు. ఎవరి వైపూ చూడలేదు. నేరుగా పోయి కడ్డీ కింద భుజం పెట్టి చూసుకొని, చెరొక వైపు చిన్న బిళ్ళ ఎక్కించుకున్నాడు, అరవై దాటిన మోకాలు ఒప్పుకునేంత. సుధాకరన్న టీ కప్పు గాల్లోనే ఆగింది. చెంగన్న కడ్డీని భుజాలకెత్తుకొని, పాటను మించిన గొంతుతో కేక పెట్టినాడు.

"తోడు!"

కుర్రాళ్ళు తలలు తిప్పినారు. వాళ్ళ తప్పేం లేదు, ఆ మాట వాళ్ళకు తెలియదు. ఆ హాల్లో దాని అర్థం తెలిసినవాళ్ళు, కావాలనే పక్కకు జరిగి నిలబడిన దయానందాన్ని తీసేస్తే, ముగ్గురమే. ఒకాయన భుజాల మీద బరువుంది. రెండో మనిషిని నేను. నేను కావాలనే లేవలేదు, కుర్చీ చేతులు పట్టుకొని కూర్చున్నాను. మూడో మనిషి వైపు చూసినాను. చెంగన్న కూడా ఎదురు అద్దంలో ఆయన్నే చూస్తా ఉన్నాడు.

"తోడంటే ఏందాంటీ?" అని ఆ పొట్టి జుట్టు పిల్ల అడిగింది.

"సుధాకర్ సార్‌కి తెలుసు, అడుగు," అన్నాను, అందరికీ వినపడేట్టు.

సుధాకరన్న లేచినాడు. రెండడుగులు వేసినాడు కూడా. అంతలో జేబులోంచి ఫోను తీసి చెవికి పెట్టుకొని, "ఆఁ, చెప్పన్నా, చెప్పన్నా," అంటా బయటికి పోయినాడు. ఫోను మోగలేదు. దాని తెర నల్లగా ఉండడం నేను చూసినాను, ఆ పిల్ల చూసింది, అద్దంలో చెంగన్న చూసినాడు. ఇన్నేళ్ళలో ఆయన నేర్చుకున్న కొత్త విద్య ఇదీ. అప్పుడు "తేడా" అని నోటితో అనేవాడు, ఇప్పుడు అనకుండా అనడం వచ్చింది.

నా నడుము పట్టేసి రెండేళ్ళయింది. చెప్పులు విప్పి, కొంగు దోపుకొని, పోయి వెనక నిలబడినాను. చేతులు ఆయన ఎద చుట్టూ ఇప్పటికీ అందవు.

"నువ్వేనా మళ్ళీ?" అన్నాడు తల తిప్పకుండా. "ఈ తూరి మగోళ్ళొస్తారనుకుంటినే!"

"మగోళ్ళు ఫోన్లో ఉండారు," అన్నాను. గోడ మీద గడియారం ఆరు దాటింది. ఆ పిల్ల బెంచీ మీదనుంచి లేచి మా దగ్గరికొచ్చి, నా చేతులు ఎక్కడున్నాయో వంగి చూస్తా ఉంది. "దిగన్నా."